చీర సాక్ష్యం

ఇప్పుడు ఏ వస్తువైనా పెట్టె విప్పగానే తను అసలో నకిలీయో తనే చెప్పేస్తుంది. అమ్మేవాళ్ల మాట నమ్మే ఖర్మ మనకిక లేదు. మా అమ్మాయి నిశ్చితార్థానికి ఆన్‌లైన్‌లో తెప్పించిన చీర కూడా మడత విప్పగానే, "నేను అసలైన గద్వాల చీరని. మగ్గం మీద చేత్తో నేశారు" అంది. ఇంటిల్లిపాదీ మురిసిపోయాం.

నిశ్చితార్థం రోజు నేను అది కట్టుకుని కుచ్చిళ్లు సర్దుకుంటుంటే, ఆ చీర అమ్మిన జములమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, అది మిషిన్ చీర. నాకిచ్చినోడు మోసం చేసిండని నిన్ననే తెలిసింది. అసలుది పట్టుకొని మీ గేటు కాడికొచ్చిన."

గద్వాల నుంచి విజయవాడ దాకా!

"చీరే తను అసలుదని చెబుతోంది కదమ్మా. నువ్వు ఊరుకుంటే నాకెలా తెలిసేది?"

"చీర ఏమన్న అంటది అక్కా. అమ్మింది నేను గద."