పన్నెండో ఇంజను

ఆ పొద్దున కూడా పురుషోత్తం ఇంట్లో సేమ్యా ఉప్మానే. పళ్ళెం ఖాళీ అయిందని వంటగది గోడ సేమ్యా కంపెనీకి కబురు పంపితే తప్ప బహుమతి పెట్టె గుమ్మంలోకి రాని రోజులవి. ఆరేళ్ళుగా మొగుడూ పెళ్ళాం ముక్కు మూసుకుని తింటున్నారు.

పెట్టె రానే వచ్చింది. లెక్కపెట్టి మరీ తయారుచేసే బొమ్మ రైలింజన్లలో పన్నెండోది, ఆఖరిది. పురుషోత్తం దాన్ని అలమారాలో మిగతా పదకొండు పెట్టెల పక్కన సర్దాడు. సీలు తీస్తే విలువ పోతుందని ఇన్నేళ్ళలో ఒక్కటీ విప్పలేదు. ఇంజన్లు పెట్టెల్లోనే అటూ ఇటూ కదులుతూ, రోజూ అడిగినట్టే అడిగాయి.

"ఆడుకుందామా?"

"ఉండండర్రా," అంది వసుంధర, పళ్ళేలు తీస్తూ.

అంతలో గోడ పలికింది. "శుభవార్త! పదమూడో ఇంజను వస్తోంది. ఈసారి రాగి సేమ్యాతో!"

"వీళ్ళ దుంప తెగ! ఇంక నా వల్ల కాదండీ," అంటూ వసుంధర కూలబడింది.

పురుషోత్తం అలమారా దగ్గరికి వెళ్ళాడు. అన్నిటికన్నా పాత పెట్టె తీసి, సీలు చింపేశాడు. మొదటి ఇంజన్ని నేలమీద పెట్టి, అది ఇల్లంతా చుట్టేస్తుందని కాళ్ళు కుర్చీమీదికి ముడుచుకున్నాడు.

ఇంజను కూత వేసింది. జానెడు ముందుకెళ్ళి ఆగింది. జానెడు వెనక్కొచ్చింది. మళ్ళీ జానెడు ముందుకెళ్ళింది.

"ఏమైందండీ దానికి?"

పురుషోత్తం కిందికి దిగి, ఖాళీ పెట్టెను దాని పక్కన పెట్టి చూశాడు. పెట్టె పొడవూ సరిగ్గా అంతే.