దెయ్యం భాష

పన్నెండోసారి చూస్తున్నా సీమోనుకి ఆ సినిమా చెత్తగానే కనిపించింది.

మొదటి ముప్పావుగంట ఏమీ జరగదు. ఓ తలుపు కదులుతుంది. అంతే, కదులుతుంది. దాన్ని కెమెరా ఐదు నిమిషాలు చూస్తుంది. బందరు జనం నోళ్ళు తెరుచుకుని చూస్తారు. హీరోయిన్ కుండలో నీళ్ళు ముంచుకునే టైములో సీమోను తన ఆటోలో చిలకలపూడి దాకా పోయి రాగలడు. దెయ్యం మాత్రం కనపడదు. చూపిస్తే ఖర్చవుతుందని కాబోలు.

ఇలాంటి దానికి గుడివాడ నుంచీ అవనిగడ్డ నుంచీ బస్సులెక్కి వచ్చారు. "స్లో అండీ, కానీ నరాల్లోకి ఎక్కుతుంది" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. గట్టు మీద పాము అడ్డొస్తే కర్రతో పక్కకి నెట్టి పోయే మనుషులు, తెరమీద తలుపు కదిలితే పక్కవాడి చెయ్యి పట్టుకున్నారు. సిగ్గులేని జనం, అనుకున్నాడు సీమోను.

అసలు గొప్పంతా ఆ గొంతుదిట. సెకండాఫ్‌లో సముద్రం వైపు నుంచి ఓ ఆడగొంతు వస్తుంది. సాగి సాగి, బావిలోంచి వచ్చినట్టు. "హం... డూ... రో..." అన్నట్టు వినపడుతుంది. ఏ భాషో ఎవరికీ తెలియదు. మంగినపూడిలో షూటింగ్ జరిగినప్పుడు నిజం దెయ్యమే మైకులో దూరిందని కొందరన్నారు. కాదు, బందరు కోటలో చచ్చిన డచ్చి దొరసాని భాష అని పెడన నుంచి వచ్చిన ఓ పెద్దాయన తేల్చాడు. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివే శ్రీనాథ్ అయితే అవి బీజాక్షరాలని చెప్పి ఏకంగా వీడియోనే పెట్టాడు.

ఆ గొంతు రాగానే హాలంతా అరుపులు. పదకొండుసార్లూ సీమోను లేచి నోరు ముయ్యమన్నాడు. పదకొండుసార్లూ జనం అతన్నే కూర్చోమన్నారు. దెయ్యం సినిమాకి పోతున్నాడని తెలిసి పాస్టరుగారు పిలిపించి మరీ మందలించారు. తలొంచుకుని విన్నాడు. మర్నాడు మళ్ళీ మ్యాట్నీకి వచ్చి కూర్చున్నాడు.

ఇవాళ్టి మ్యాట్నీయే ఆఖరి ఆట. సాయంత్రం ఆట నుంచి వేరే సినిమా. ఆ ముక్క ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరి గోలా లేకుండా వినాలి. సీమోను కోరికల్లా అదే. గేటు దగ్గర టిక్కెట్లు చింపే ధర్మారావు నవ్వాడు. తిట్టుకుంటూనే చూస్తావు, ఇదేం పిచ్చయ్యా, నెలాగితే ఫోన్లోకే వస్తుందిగా అన్నాడు.

"ఫోన్లో ఇంత పెద్దగా వినపడదు కదండీ," అన్నాడు సీమోను.

హాల్లో ముగ్గురే ముగ్గురు. సీమోను, ఆ వీడియో శ్రీనాథ్, అతని క్లాస్‌మేట్ అలేఖ్య. ఇంటర్వెల్లో సీమోను వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆ గొంతు వచ్చేటప్పుడు కాస్త అరవకుండా కూర్చోమని బతిమాలాడు. అరవడానికే నాలుగోసారి వచ్చామంది ఆ పిల్ల. బీజాక్షరాలు వినపడ్డప్పుడు అరిస్తే దోషం తగలదని శ్రీనాథ్ క్లాసు పీకాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే మరి.

సీమోను వంగి, గొంతు తగ్గించాడు.

"అది యాక్టింగ్ కాదు బాబూ. నిజంగా చచ్చిపోయినావిడ గొంతే. మంగినపూడిలో ఎవర్నడిగినా చెప్తారు."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. శ్రీనాథ్ నవ్వబోయాడు గానీ కుదరలేదు. బస్సు టైమైందంటూ అలేఖ్య బ్యాగు తీసుకుంది. తినీ తినని సమోసాలు సీట్లోనే వదిలేసి పోయారు. పిరికి సన్నాసులు. టిక్కెట్టు కొనుక్కుని మరీ దెయ్యాన్ని చూడ్డానికొస్తారు, నిజమంటే కాళ్ళకి బుద్ధి చెప్తారు. సీమోను అసహ్యంగా మొహం తిప్పుకుని తన సీట్లో కూర్చున్నాడు.

సెకండాఫ్ మొదలైంది. మళ్ళీ అదే తలుపు, మళ్ళీ అదే కుండ. సీమోను ఆవులించాడు. సముద్రం హోరు మొదలయ్యేసరికి కళ్ళు మూసుకున్నాడు.

ఎవరి అరుపూ అడ్డం రాని ఆ హాల్లో, పోయినేడు గంప నెత్తిన పెట్టుకుని షూటింగ్ వాళ్ళ మైకు ముందు నుంచి నడిచిపోయి, మూడు నెలలకే పచ్చకామెర్లతో కన్నుమూసిన అతని భార్య సువర్ణ, తీరిగ్గా సాగదీసి, "ఎండు రొయ్యలో..." అని కేకేసింది.