జర్మన్ రాజ్యాల పటం

"ముద్ర పటం మధ్యలోనే పడాలి. రూలు అదే," అంటూ సూర్యనారాయణ రబ్బరు స్టాంపును ఇంకు ప్యాడు మీద అద్దాడు.

నిరంజన్ గబుక్కున రెండు చేతులూ అడ్డం పెట్టాడు. స్టాంపు గాల్లోనే ఆగింది.

ఢిల్లీలోని ఆ సర్కారీ మ్యూజియంలో సూర్యనారాయణ సెక్షన్ ఆఫీసరు. నిరంజన్ పాత కాగితాలు బాగుచేసే కాంట్రాక్టు ఉద్యోగి. ఇద్దరిదీ కాకినాడే కాబట్టి పోట్లాట తెలుగులోనే సాగింది. బల్ల మీదున్నది మూడు వందల ఏళ్ల నాటి జర్మన్ రాజ్యాల పటం. రాగిరేకు మీద చెక్కి, అచ్చు తీసి, చేత్తో రంగులద్దినది. చెదలు తిన్న చోటల్లా పల్చటి జపాన్ కాగితం అతికి, నాలుగు నెలలు కూర్చుని నిరంజన్ దానికి ప్రాణం పోశాడు.

"వెనకాల వేద్దాం సార్. ముందువైపు వేస్తే ఆ ఇంకు జన్మలో పోదు."

"వెనకాల వేస్తే మనదని ఎవడికి తెలుస్తుందయ్యా? రేపు ఆడిట్ వాళ్లడిగితే నువ్వొచ్చి చెప్తావేంటి?"

నిరంజన్ బతిమాలాడు, కాళ్లావేళ్లా పడ్డాడు, చివరికి ఉద్యోగమే మానేస్తానన్నాడు. సూర్యనారాయణ మెత్తబడ్డాడో విసిగిపోయాడో గానీ, పైవాళ్లకు రాసి అడుగుదామన్నాడు. అయితే అసలు పటం చూడనిదే వాళ్లు ఏదీ తేల్చరట. ఫొటో పంపుదామంటే కుదరదన్నాడు. చేసేది లేక నిరంజన్ పటాన్ని రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, జాగ్రత్త అని హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాసి, పసిబిడ్డను అప్పగించినట్టు ఫైలుతో పంపాడు.

ఏడు వారాలు గడిచాయి. ఊరి చివర వైశాలిలోని ఇంటి నుంచి మెట్రోలో ఆఫీసుకు వచ్చేటప్పుడూ, తిరిగి వెళ్లేటప్పుడూ నిరంజన్‌కు అదే బెంగ. మన ఆఫీసుల సంగతి తెలిసినవాడికి అన్నం ఎలా సయిస్తుంది?

ఓ బుధవారం ఫైలు తిరిగొచ్చింది. సూర్యనారాయణ పైకాగితం చదివి, ఫైలును అతని ముందుకు తోశాడు.

"నువ్వే గెలిచావయ్యా. చదువుకో."

ఆ పటం అమూల్యమైనదనీ, దాని మీద ముద్ర కాదు కదా చిన్న మచ్చ కూడా పడకూడదనీ, పడితే బాధ్యుల మీద చర్య తప్పదనీ రాసి డైరెక్టరుగారే సంతకం పెట్టారు. నిరంజన్ కళ్లు చెమర్చాయి. కాగితం విలువ తెలిసినవాళ్లు పైన ఇంకా ఉన్నారని తొలిసారి నమ్మాడు. పటం ఏదని అడిగాడు.

"ఫైల్లోనే ఉందిగా, తిప్పి చూడు."

నిరంజన్ కాగితం తిప్పాడు.

పటం అక్కడే ఉంది. ఫైలు సైజుకు నాలుగు మడతలు పెట్టి, పంచింగ్ మిషనుతో కన్నం పొడిచి, పచ్చ ట్యాగు దారంతో ఆ ఉత్తర్వుకే కట్టేశారు.