నర్సింహమ్మ కాపలా

బొంబాయి రోడ్డు మీద లారీ వెలుగు పడగానే, తుమ్మచెట్ల చాటున కూర్చున్న ఆడవాళ్లందరూ గబుక్కున లేచి నిలబడ్డారు.

లారీ పోయింది. అందరూ మళ్లీ కూర్చున్నారు.

సుకుమారి మాత్రం చెంబు పట్టుకుని ఇంటిదారి పట్టింది.

"ఏం బిడ్డా, అయ్యిందా?" వెనక నుంచి నర్సింహమ్మ కేకేసింది.

ఆ కేక పటాన్‌చెరు దాకా వినపడి ఉంటుంది. సుకుమారికి అక్కడికక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

పెళ్లయిన నెలకే సుకుమారి భర్త ఏలీయాకు కొత్త ఫ్యాక్టరీలో నౌకరీ దొరికింది. ఇద్దరూ వచ్చి ఈ రేకుల గదుల వరసలో కాపురం పెట్టారు. గదికి తలుపుంది, వరస మొత్తానికి మరుగుదొడ్డి లేదు. తెల్లవారక ముందే ఆడవాళ్లంతా గుంపుగా చెట్లలోకి పోవాలి. ఒంటరిగా పోతే రోడ్డు మీది మగాళ్ల భయం.

మిషన్ హాస్టల్లో మరుగుదొడ్డికి గడియ పెట్టుకుని పెరిగిన పిల్ల సుకుమారి. పక్కన మనిషుంటే ఆమెకు మూత్రం రాదు. పొత్తికడుపు రాయిలా బిగిసినా రాదు. మధ్యాహ్నం అందరూ పనుల్లోకి పోయాక గోడ వెనక ఎప్పుడో ఒకసారి, అంతే.

అందుకని నీళ్లు తాగడమే మానేసింది.

మంట మొదలైంది. ఆపైన జ్వరం. ఇట్లాగే ఆపుకుంటే లోపల చెడిపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"నౌకరీ ఇడిసిపెట్టి ఊరికి పోదమా?" అన్నాడు ఏలీయా.

ఎన్ని గేట్ల ముందు నిలబడితే దొరికిన నౌకరీనో ఆమెకు తెలుసు. వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపు విని తలుపు తోసుకుని వచ్చింది నర్సింహమ్మ. చివరి గదిలో ఉండే విధవరాలు. కడుతున్న ఫ్యాక్టరీలో మట్టిగంపలు మోస్తుంది. నోటికి హద్దూ అదుపూ లేదు. సిగ్గే ఆమెను చూసి సిగ్గుపడాలి.

"గిది రోగం గాదు బిడ్డా, భయం," అంది. "భయాన్ని ఒక్కపారే ఎల్లగొట్టలేం. జెర జెర జరుపాలె. రేపు ఊకెనే వచ్చి కూసో. ఒంటికి రాకున్నా ఏం పర్వ లేదు."

మర్నాడు ఆడవాళ్లందరినీ దూరంగా, వీపులు తిప్పి కూర్చోబెట్టింది. తను రోడ్డు వైపు గొంగడి తెరలా పట్టుకుని నిలబడింది.

"లొల్లి చేయుండ్రి! ఎవ్వలు ఆమె దిక్కు సూడొద్దు!"

ఆడవాళ్లకు అంతకంటే ఏం కావాలి? అత్తలను తిట్టారు, కిరసనాయిలు ధరను తిట్టారు.

సుకుమారికి ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. రోజూ కొంచెం కొంచెం దగ్గరికి జరిగారు, అంతే.

లారీ వస్తే, "లెవ్వకు బిడ్డా, నేనున్న!" అని గొంగడి ఇంకా పైకెత్తేది నర్సింహమ్మ.

ఒక తెల్లవారుజామున ఆ గోలలోనే వచ్చింది.

"వాన వడ్డదే!" అంది నర్సింహమ్మ, వెనక్కి తిరక్కుండానే.

అందరూ ఫక్కున నవ్వారు. సుకుమారి నవ్వుతూ ఏడ్చింది. ఇంటికొచ్చి కడుపునిండా నీళ్లు తాగింది.

"పెద్దమ్మా, మా కోసమే నిలవడ్తవు. నువ్వు కూసోవా?" అని ఒకసారి అడిగింది.

"నాదెప్పుడో అయ్యింది. నడువుండ్రి, నడువుండ్రి," అని గదమాయించింది నర్సింహమ్మ.

ఆ వానాకాలం గంపతో జారిపడి నర్సింహమ్మ తుంటి విరిగింది. పట్నంలో పెద్ద దవాఖానలో వేశారు. లోపల జాగా లేక వరండా చివర, మరో మంచం లేని మూలలో పడుకోబెట్టారు.

వరసలోని ఆడవాళ్లు కూలి పోయినా సరేనని వచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు. రాత్రి కూడా కదల్లేదు. సుకుమారి తలాపునే ఉంది.

"జెర అందరు అటు పోండ్రి బిడ్డా," అంది నర్సింహమ్మ. ఆ గొంతులో మునుపటి జోరు లేదు.

"నిన్నిడిసి యాడికి పోతం పెద్దమ్మా?"

ఆమె గోడ వైపు ముఖం తిప్పుకుంది.

సుకుమారి గ్లాసు అందించింది. "జెర నీళ్లు తాగు."

"వద్దు. దూప లేదు."

నొప్పి వల్ల అనుకున్నారు. ఒకామె కాళ్లు పిసికింది, ఒకామె విసనకర్రతో విసిరింది. సుకుమారి చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది.

మూడో రోజు ఒళ్లు కాలిపోయి, ముఖం ఉబ్బిపోయాక గానీ డాక్టరుకు సంగతి తెలియలేదు. గొట్టం వేశాడు. కిడ్నీలు అప్పటికే చెడిపోయాయన్నాడు.

తెల్లారేసరికి సుకుమారి పట్టుకున్న చెయ్యి చల్లబడింది.

మట్టి చేసి వచ్చాక దిగాడు నర్సింహమ్మ తమ్ముడు చిన్నరాములు. గొర్రెల వెంట దూరం పోయిన మనిషికి కబురు ఆలస్యంగా అందింది. ఏం జరిగిందో అంతా విన్నాడు. కడకు ఒకే మాట అడిగాడు.

"దవాఖానల మా అక్కను ఒక్కతెనే ఉంచిండ్రా?"

సుకుమారి మనసు చివుక్కుమంది.

"అట్లెట్ల ఉంచుతం కాకా? గడియ గూడ ఇడువలే. రాత్రి పగలు అందరం సుట్టే కూసున్నం."

చిన్నరాములు తల పట్టుకుని గడపలోనే కూలబడ్డాడు.

"సిన్నప్పటి సంది గంతే బిడ్డా... పక్కపొంటి ఒక్క మనిషున్నా మా అక్కకు ఒంటికి రాదు."