హాఫ్ క్లచ్

మెకానిక్ బాబాయ్ మా స్పేర్ పార్టుల షాపు కౌంటర్ మీద క్లచ్ ప్లేట్లు పెట్టాడు. మాడి బొగ్గయ్యాయి. మా ఆయన బండివి.

"మొన్నేగా మార్చావు బాబాయ్?"

"నడిచే మనిషి వెంట హాఫ్ క్లచ్‌లో మెల్లగా పోనిస్తే ఇంతేనమ్మా."

నా ఒళ్లు భగ్గుమంది. ఆఫీసులో కొత్తగా చేరినావిడకి లిఫ్టిచ్చాడని గొడవపడి, అప్పటి నుంచి నేనా బండే ఎక్కడం లేదు. రోజూ షాపుకి నడిచే వస్తున్నాను. ఇక్కడ నా చెప్పులరుగుతుంటే, అక్కడ ఆ మహాతల్లి వెనక ఊరేగింపన్నమాట.

కంపెనీ సెట్టు పక్కకి నెట్టి, నాసిరకంది తీశాను. ఆవిడ చూస్తుండగానే నడిరోడ్డు మీద ఆగాలి బండి.

"అది వద్దమ్మా, వారం కూడా రాదు," అన్నాడు బాబాయ్. "పొద్దున్నే నా షెడ్డు ముందు నుంచేగా మీ ఇద్దరూ వచ్చేది. నువ్వు ముందు, వెనకాల బండి మీద అతను. నువ్వు షాపు మెట్లెక్కాకే బండి తిప్పుకుంటాడు. ఒక్కసారైనా వెనక్కి చూడవేంటమ్మా నువ్వు?"

నాసిరకం సెట్టు తీసిన చోటే పెట్టేశాను. కంపెనీదే కట్టిచ్చాను.

ఇంకొన్నాళ్లు నడిచే వద్దామనుకున్నాను.