తొమ్మిదిన్నర అడుగుల నీడ

"ఆయనకు చెప్పుండ్రి, గా మొక్క ఎండకాలం దాటదు" అంది నళిని.

'ఆయన' ఎక్కడో లేడు. రెండడుగుల దూరంలో మెయిడెన్‌హేర్ ఫెర్న్ కుండీని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. సన్నటి నల్ల కాడల మీద చిన్న చిన్న ఆకులు, ఆయన ఊపిరికే కదులుతున్నాయి.

"ఆమెకు చెప్పుండ్రి, నీడల పెడ్తె ఎందుకు ఎండుతదని" అన్నాడు జనార్దన్.

కమలకుమారి ఇద్దరినీ చూసి నుదురు కొట్టుకోబోయి ఆగింది. నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ గోడ పక్కన ఇరవై ఏళ్లుగా నర్సరీ నడుపుతోంది. గీచి గీచి బేరమాడేవాళ్లను చూసింది, ఆకులు తుంచి వాసన చూసేవాళ్లను చూసింది. పక్కపక్కనే నిలబడి తన నోటితో మాట్లాడుకునేవాళ్లను మాత్రం ఇవాళే చూస్తోంది. గంట నుంచీ ఇదే వరస. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

"మేడం చెప్పేదే కరెక్టు సార్. దీనికి నీడొక్కటే సాలదు, మన్ను రోజూ తడిగుండాలె. ఒక్క దినం మర్చిపోతే ఆకులు పొడి పొడి అయితయి. అసలు మీ జాగ ఎట్లుంటది? జర సక్కగ చెప్పుండ్రి."

"ఆబిడ్స్‌ల, రెండు గోడల నడుమ. పదడుగుల ఎడల్పు, నలభై అడుగుల పొడుగు. మీద నేరేడు చెట్టు. ఎండ పడనే పడదు."

"పదడుగులు కాదు, తొమ్మిదిన్నర" అంది నళిని.

"చూసిన్రా? అర అడుగు కాడ గూడ ఊకోదు!"

"గంత మంచి నీడ పెట్టుకొని ఇన్ని దినాలు ఏం పెట్టలేదా సార్?"

"ఇద్దరికి కుదరలె. పదకొండేండ్ల సంది నేను ఔనంటే ఆమె కాదంటది, ఆమె ఔనంటే నేను కాదంట. అండ్ల ఇప్పుడు పగిలిన పెంకులు, చెత్త, దోమలు."

కమలకుమారి లోపలికెళ్లి బర్డ్స్ నెస్ట్ ఫెర్న్ తెచ్చింది. వెడల్పాటి ఆకులు నడిమి నుంచి చుట్టూ విచ్చుకుని ఉన్నాయి.

"ఇది పెట్టిన కాడనే ఉంటది. ఎటూ పోదు."

"ఇదే బాగుంది" అన్నాడు జనార్దన్. "రెండు ఇటు, రెండు అటు."

"మళ్ల పంచుకునుడేనా?" నళిని విసుగ్గా అంది. "నడుమంతా బోడిగుంటది. ఆయనకు చెప్పుండ్రి."

"ఇన్నడు మేడం, ఆయనకు చెవులున్నయి!"

కమలకుమారి మూలనున్న కుండీల్లోంచి ఒకటి లాగి వాళ్ల ముందు పెట్టింది. కత్తుల్లా నిలువుగా లేచిన పచ్చటి మట్టలు.

"ఇది స్వోర్డ్ ఫెర్న్. మొండి ఘటం. నీళ్లు మర్చినా ఎండినట్టే ఎండి, వాన పడంగనే లేస్తది. మంట్లనే పాకుకుంట పోయి ఏడాదిల జాగంత నింపుతది."

"పాకుతదా?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"నడుమ రాళ్లు పేరిస్తే ఆగుతదా?" అన్నాడు జనార్దన్.

"మీది నుంచి గూడ దాటుతదేమో?" అంది నళిని.

కమలకుమారి ఓపిక అక్కడితో అయిపోయింది. కుండీని ఎత్తి ఠపీమని కింద పెట్టేసింది. మట్టి లేచింది.

"మీకు ఫెర్న్ అమ్ముడు నాతోని కాదు. ముందుగాల మీరిద్దరు మాట్లాడుకొని రాండ్రి. పాకమంటె పాకి, ఆగమంటె ఆగే మొక్కలు నా దగ్గర లెవ్వు!"

జనార్దన్ ముఖం ముడుచుకుపోయింది. మెయిడెన్‌హేర్‌ను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి గేటు వైపు నడిచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఆమెను జర ఇవతల నిలబడమనుండ్రి. ఆమెకు దుమ్ము పడదు. నిరుడు చలికాలమంత దగ్గుకుంటనే వచ్చింది."

మళ్లీ నడవసాగాడు. బయట ఎండ మండిపోతోంది.

కమలకుమారి కోపం కొంచెం చల్లారింది. "ఇన్నేండ్లు ఎట్ల ఏగిన్రు మేడం?" అంది.

నళిని గేటు వైపు తిరిగింది. ఆయన వీపు వంకే చూస్తోంది.

"పిలువుండ్రి ఆయనను. ఎండల నడువొద్దు. గుండెల స్టెంట్ ఏసిన్రు. ఆయన దవాఖానల పడ్డంక నాలుగు నెలలు నేను గూడ గా జాగ ముచ్చట ఎత్తలె."

"మీరే పిలువుండ్రి మేడం. నా గొంతు పోయింది."

నళిని పెదవులు తడుపుకుంది. ఆయన గేటు దాటుతుండగా పిలిచింది.

"ఏమండీ!"

జనార్దన్ ఆగిపోయాడు. ఆ పిలుపు తనకేనా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"గా ఎండల యాడికి? ఇట్ల రాండ్రి."

ఆయన వచ్చాడు. ఇద్దరూ స్వోర్డ్ ఫెర్న్ ముందు నిలబడ్డారు. ఆయన వంగి ఒక మట్టను వేళ్లతో నిమిరాడు.

"ఎండినా లేస్తదంట గద" అన్నాడు మెల్లగా. ఈసారి ఆమెతోనే.

"లేస్తదంట."

"పాకితే పాకనీ."

"సరిగ్గ నడుమల పెడదాం. రాళ్లు గీళ్లు వద్దు."

పన్నెండు కుండీలు ఆటోలోకి ఎక్కాయి. కుండీల మధ్య ఇరుక్కుని ఇద్దరూ కూర్చున్నారు. చివరి కుండీని నళిని తన ఒళ్లో పెట్టుకుంది. దాని మట్టలు మీద పడుతుంటే జనార్దన్ విసుక్కోలేదు.

కమలకుమారి చేతులు దులుపుకుని ఆటోలోకి తొంగిచూసింది.

"చిన్నదాన్ని, ఏమనుకోకుండ్రి. ఇంటికాడ గూడ గిట్లనే ఎదురుంగ మాట్లాడుకోండ్రి. మొగుడుపెళ్లాల నడుమ మూడో మనిషెందుకు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నళిని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆటో కదులుతుండగా జనార్దన్ తల బయటపెట్టి అన్నాడు.

"మేం మొగుడుపెళ్లాలం కాదమ్మా, పక్కపక్క ఇండ్లోళ్లం. గా జాగ కోసం ఇయ్యాల పొద్దుగాల రాజీ అయ్యేదాంక కోర్టుల కొట్లాడినోళ్లం."