ఏరు దాటిన పిల్లి

“అది మన బూంది కాదేమోనే. ఎవరి పిల్లినో మనదని తెచ్చుకుంటే, రేపు వాళ్ళొచ్చి వీధిలో నిలబెట్టి కడిగేస్తే?”

నందిగామ శివార్లలో జంతువుల షెల్టర్ ముందు బండి దిగుతూనే మొదలుపెట్టింది ఫ్లోరెన్స్.

“సగం తోక, చిరిగిన ఎడమ చెవి. షెల్టర్ వాళ్ళ వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో చూడగానే గుర్తుపట్టా. మనదే అమ్మా,” అంది కూతురు క్రిస్టీ.

“మీరు లోపలికి పదండి. నేను టీ తాగొస్తా,” అంటూ డేవిడ్‌రాజు బండి తిప్పేశాడు.

“పనున్న చోటికి రాగానే ఈ మనిషికి టీ గుర్తొస్తుంది,” అని మొగుడి మీద సణుక్కుంటూ ఫ్లోరెన్స్ లోపలికి నడిచింది.

అది బూందీయేనని ఆమెకి ఫొటో చూసినప్పుడే తెలుసు. పిల్లి బొచ్చు పీలిస్తే ఆయాసం పట్టుకుంటుందని ఎవరో అన్నారు. ఆ వారమే క్రిస్టీకి దగ్గు. ఇంకేముంది, ఫ్లోరెన్స్ గుండె జారింది. ఏరు దాటిస్తే పిల్లి తిరిగి రాదంటారు కదా అని, పిల్ల కాలేజీకి వెళ్ళాక బూందిని గోనెసంచిలో వేసుకుని, తమ ఊరు పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో మునేరు దాటి, అవతలి గట్టున వదిలేసింది. “ఎటో పోయిందే,” అని చెప్పింది. కూతురు రెండు రోజులు అన్నం ముట్టలేదు.

గట్టున వదిలిన పిల్లి నందిగామ ఎట్లా చేరింది? ఎవరో చూశారు. పిల్లిని చూసినవాళ్ళు సంచి పట్టుకున్న మనిషిని చూడలేదా? ఆటో అయూబా? సంచి కదులుతుంటే “కోడా అక్కా?” అని అడిగాడు కూడా. లేక పక్కింటి బేబీనా? నాలుగు రోజుల నుంచి అది తనని చూసి ఊరికే నవ్వుతోంది.

షెల్టర్‌లో పనిచేసే తబస్సుం పిల్లిని తెచ్చి వదిలింది. అది ఒక్క గంతులో క్రిస్టీ భుజమెక్కి కూర్చుంది.

“ఇంక వేరే సాక్ష్యమెందుకు!” అని నవ్వింది తబస్సుం.

“దీన్ని మీ దగ్గరికి తెచ్చిందెవరమ్మా?” అంది ఫ్లోరెన్స్, ఏదో మాటవరసకి అడిగినట్టు.

“పేర్లు చెప్పం ఆంటీ. గొడవలవుతున్నాయి.”

“పేరొద్దులే. ఆడా, మగా?”

“ఆంటీ!”

“అమ్మా, నీకెందుకే అదంతా?” అని కసిరింది క్రిస్టీ.

తబస్సుం రిజిస్టర్ తెరిచింది. “ఒక్క పని మిగిలింది. మాదే అని ఎవరొచ్చినా, తెచ్చినవాళ్ళకి ఫోన్ చేసి ఎట్లా దొరికిందో అడుగుతాం. ఇంట్లోవాళ్ళే కావాలని వదిలేసుంటే తిరిగివ్వం. మళ్ళీ వదిలేస్తారు.”

ఫ్లోరెన్స్ కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగింది. “పాపం, ఏ పనిలో ఉన్నారో. ఇంకోరోజు వస్తాంలేమ్మా.”

“రెండు నిమిషాలే ఆంటీ.”

తబస్సుం నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచింది. రింగవుతోంది. ప్రభువా, ఎత్తకుండా చూడు, అనుకుంది ఫ్లోరెన్స్. అవతల ఎత్తారు.

“సార్, షెల్టర్ నుంచి. మీరు తెచ్చిన సగం తోక పిల్లి కోసం అమ్మా కూతుళ్ళు వచ్చారు. మునేరు గట్టున దొరికిందని రాయించారు. అక్కడ దాన్ని ఎవరన్నా వదిలెళ్ళడం చూశారా?”

ఫోన్‌లో ఏదో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

“సార్, వినపడుతోందా?”

క్రిస్టీ ఫోన్ మీదకి వంగింది. “చెప్పండి అంకుల్. వదిలిందెవరో నాకు తెలియాలి. జన్మలో వాళ్ళ మొహం చూడను.”

ఫ్లోరెన్స్ బల్ల అంచు పట్టుకుంది. తనే చెప్పేద్దామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. అవతలి మనిషి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తబస్సుం ఫోన్ వంక చూసింది, తర్వాత ఫ్లోరెన్స్ వంక చూసింది. ఆ చూపుకే ఆమె చచ్చిపోయింది.

అప్పుడు ఫోన్ పలికింది.

“ఎవరూ వదల్లేదు తల్లీ, అదే దారి తప్పింది,” అన్నాడు డేవిడ్‌రాజు. “మీ అమ్మని కంగారుపడొద్దని చెప్పు.”